నారాయణగూడలో మొదటి భాష

మొన్న జూన్‌లో మా అక్క కూతురు నల్గొండ నుంచి వచ్చి మా ఇంట్లో పది రోజులుంది. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎంసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకే వచ్చినా ఇంజినీరింగ్ వద్దని మొండికేసి, దోస్త్‌లో బీఎస్సీ ఫిజిక్స్ పెట్టుకుంది. ఇంట్లో పెద్ద గొడవ. చివరికి మా అక్క ఒక షరతు మీద మెత్తబడింది. కాలేజీ తెరిచేలోపు ఏదో ఒక కంప్యూటర్ కోర్సు చెయ్యాలి. "ఫిజిక్స్‌తోని ఏం కాకపోయినా చేతిల అదన్న ఉంటది" అని.

ఒకరోజు పిల్ల నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి దాకా నడిచింది. దారిలో చేతికిచ్చిన పాంప్లెట్లన్నీ పోగేసుకొచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పరిచింది. పైథాన్, జావా, ఫుల్‌స్టాక్, డేటా సైన్స్, ఏఐ. అన్నీ నలభై ఐదు రోజులు, అరవై రోజులు.

"మామా, ఇండ్ల ఫస్ట్ ఏది నేర్సుకోవాలె?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దాదాపు ముప్ఫై ఏళ్ల కింద, ఇదే రోడ్డు మీద, ఇదే ప్రశ్న నేనూ అడిగాను. నేనూ ఫిజిక్సే చదవడానికి వచ్చాను. అప్పుడు నాకు దొరికిన జవాబు తప్పని అనను. కానీ అది వేరే ఎవరిదో ప్రశ్నకు జవాబు. ఆ సంగతి తెలిసేసరికి ఫిజిక్స్ నా చేతిలోంచి జారిపోయింది. అందుకని ఆ పిల్లకి ఒక్క ముక్కలో పేరు చెప్పే బదులు, ఈ ప్రశ్న మన ఊళ్లో ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కథంతా చెప్పాలనిపించింది. చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

*

సైన్సు చదవాలనుకున్న పిల్లలకి సైన్సు కంటే ముందు "ఏ భాషలో?" అన్న ప్రశ్న ఎదురవడం హైదరాబాద్‌కి కొత్తేం కాదు. కంప్యూటర్లు రాకముందు నుంచీ ఉంది.

నిజాం కాలేజీ 1887లో మొదలైనప్పుడు మద్రాసు యూనివర్సిటీకి అనుబంధంగా ఉండేది. అక్కడ సైన్సు చదవాలంటే ఇంగ్లిష్ రావాలి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది. బోధన ఉర్దూలో. ఒక భారతీయ భాషలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, వైద్యం, ఇంజినీరింగ్ దాకా యూనివర్సిటీ స్థాయిలో చెప్పవచ్చని చూపించిన పెద్ద ప్రయోగం అది. దానికోసం 'దారుల్ తర్జుమా' అని ఒక అనువాద సంస్థనే పెట్టి, పుస్తకాలు తర్జుమా చేయించి, లేని పారిభాషిక పదాలు తయారు చేయించారు. ఎంత గొప్ప పనైనా, తెలుగింటి పిల్లలకి మాత్రం అదీ పరాయి భాషే. న్యూటన్ దగ్గరికి వెళ్లాలంటే ముందు ఉర్దూ గడప దాటాలి.

ఆ రోజుల్లోనే, 1928లో, మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల హైస్కూలు పెట్టారు. తెలుగులో చదివిన చదువుకి నిజాం రాజ్యంలో గుర్తింపు లేదు. పూనాలో కర్వే మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపు తెచ్చుకుని నడపాల్సి వచ్చింది. నారాయణగూడలో ఒక అమ్మాయి తన ఇంటి భాషలో చదువుకోవడానికి పూనా ఒప్పుకోవాలి! ఆ బడి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిష్ వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. ఇక్కడికి కూతవేటు దూరంలో, హిమాయత్‌నగర్‌లో. ఇంటర్ పాఠ్యపుస్తకాలు తెలుగులో రావడం మొదలైంది. నేను గతిశాస్త్రం, ఉష్ణగతికశాస్త్రం చదివింది ఆ పుస్తకాల్లోనే. డిగ్రీకి వచ్చేసరికి అవి మెకానిక్స్, థర్మోడైనమిక్స్ అయిపోయాయి. మళ్లీ ఇంకో గడప.

ఇన్ని మార్పుల్లో భాషని ఎంచుకున్నది చదువుకునేవాళ్లు కాదు. ఒకసారి రాజ్యం, ఒకసారి యూనివర్సిటీ, ఒకసారి ఉద్యోగాల బజారు. ప్రోగ్రామింగ్ భాషల విషయంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. కాకపోతే ప్రోగ్రామింగ్ భాష చాలా చిన్నది. యాన్సీ ప్రమాణంలో సీ భాషకి ఉన్న కీవర్డులు మొత్తం 32. కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. అంత చిన్న భాష దగ్గర కూడా ఇన్నేళ్లు తడబడ్డామంటే, ఇబ్బంది భాషలో లేదన్నమాట.

*

సైంటిస్టుల కోసమే పుట్టిన భాష ఫోర్‌ట్రాన్. ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం 1957లో విడుదల చేసింది. అంతకు ముందు ఒక కూడిక చేయించాలన్నా యంత్రానికి అర్థమయ్యే అంకెల సంకేతాల్లో అడుగడుగూ రాయాలి. ఫోర్‌ట్రాన్ వచ్చాక కాగితం మీద రాసుకునే సూత్రాన్ని దాదాపు అదే రూపంలో యంత్రానికి ఇవ్వవచ్చు. ఆ పేరుకి అర్థమే సూత్రాల అనువాదం. ఇదీ ఒక దారుల్ తర్జుమానే.

మన దేశంలో 1963లో ఐఐటీ కాన్పూర్‌కి ఐబీఎం 1620 వచ్చింది. సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లు దాని మీద ఫోర్‌ట్రాన్ నేర్చుకున్నారు. అక్కడి ప్రొఫెసర్ వి. రాజారామన్ 1969లో రాసిన పాఠ్యపుస్తకంతో ఆ భాష మిగతా కాలేజీలకీ పాకింది. హైదరాబాద్‌లో 1967లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టింది అయ్యగారి సాంబశివరావు. ఏఎస్ రావు నగర్ అంటే అందరికీ తెలుస్తుంది, ఆ ఏఎస్ రావు ఆయనే. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్, డెబ్బైల్లో టీడీసీ-316 అక్కడి నుంచే వచ్చాయి. సిటీ బస్సుల మీద బోర్డుగా మాత్రమే ఈసీఐఎల్ తెలిసిన మా తరానికి, కంప్యూటర్లు ఈ ఊళ్లోనే తయారయ్యేవన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ కాలంలో ప్రోగ్రాం అంటే కార్డుల కట్ట. ఒక్కో లైనుకి ఒక్కో కార్డు, కార్డుకి ఎనభై గడులు. మొదటి ఐదు గడులు లైను నంబరుకి, ఆరోది పై లైను కొనసాగింపుకి, ఏడో గడి నుంచి అసలు వాక్యం. కట్ట తీసుకెళ్లి కంప్యూటర్ సెంటర్‌లో ఇచ్చి రావాలి. ఫలితం కోసం మళ్లీ వెళ్లాలి. ఒక కామా తప్పు పడితే కథ మొదటికి. ఇంత తిప్పలు పడి ఎవరు నేర్చుకుంటారు? లెక్క అవసరమైనవాళ్లే. ఒక సమీకరణం చేత్తో సాధ్యం కాక, అది తేలకపోతే పరిశోధన ముందుకు కదలక వచ్చినవాళ్లు. అప్పటికి ప్రశ్న ముందు, భాష తర్వాత.

1964లో అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు గణిత ప్రొఫెసర్లు ఇంకో దిక్కు నుంచి ఆలోచించారు. సైన్సు చదవని పిల్లలు కూడా కంప్యూటర్‌తో మాట్లాడగలగాలి అనుకున్నారు. అలా పుట్టింది బేసిక్. టెర్మినల్ ముందు కూర్చుని లైను టైపు చేస్తే ఫలితం అప్పటికప్పుడే. ఇరవై ఏళ్ల తర్వాత, 1984లో, మన ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద కొన్ని వందల స్కూళ్లకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. వాటిలో ఉన్నదీ బేసిక్కే. దాన్ని తిట్టినవాళ్లూ ఉన్నారు. బేసిక్‌తో మొదలుపెట్టినవాళ్లని మంచి ప్రోగ్రామర్లుగా మార్చడం అసాధ్యమని డైక్‌స్ట్రా 1975లోనే ఘాటుగా రాశాడు. ఆయన కోపం ప్రోగ్రామింగ్‌నే వృత్తిగా చేసుకోబోయేవాళ్ల గురించి. చాయ్ ఎంతసేపట్లో చల్లారుతుందో తెలుసుకోవాలనుకున్న పిల్లవాడి గురించి కాదు.

*

నేను 1996లో చిక్కడపల్లిలో ఒక గదిలో దిగాను. ముగ్గురం ఉండేవాళ్లం. పొద్దున డిగ్రీ కాలేజీ, సాయంత్రం సిటీ సెంట్రల్ లైబ్రరీ. అప్పటికే ఆ లైబ్రరీలో కుర్చీలన్నీ గ్రూప్స్ రాసేవాళ్లవే. గోడల మీద పోస్టర్లు మాత్రం మారుతున్నాయి. టైపు, షార్ట్‌హ్యాండ్ బోర్డులకి పక్కనే 'సీ, సీ ప్లస్ ప్లస్, యూనిక్స్' బోర్డులు లేచాయి.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్. కంప్యూటర్ కోర్సు చేస్తానంటే సీసీఎస్‌లో లోను తీసి 2,800 రూపాయలు కట్టాడు. ఏ భాష అని నేను అడిగింది ఆ ఇన్‌స్టిట్యూట్ కౌంటర్‌లోనే. "సీ చెయ్యి తమ్మీ, సీ వస్తే అన్నీ వస్తయ్" అన్నారు. అదే మాట కాలేజీలో సీనియర్లు అన్నారు, గదిలో వాళ్లు అన్నారు. ఊరంతా ఒకే మాట మీద ఉన్నప్పుడు అనుమానం రాదు.

ఇప్పుడు వెనక్కి చూస్తే, ఊరంతా ఆ మాట మీదకి ఎలా వచ్చిందో తెలుస్తోంది. సీ భాషని డెనిస్ రిచీ డెబ్బైల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో తయారు చేశాడు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంని తిరగరాయడానికి. అంటే యంత్రం లోపలి మెమరీని చేత్తో తాకినట్టు తాకాల్సిన పనివాళ్ల పనిముట్టు అది. ఫిజిక్స్ ఫస్టియర్ పిల్లల కోసం తయారైంది కాదు. మరి ఇక్కడికి ఎందుకొచ్చింది? కంపెనీల రాత పరీక్షల్లో సీ ప్రశ్నలుండేవి. యూనివర్సిటీ సిలబస్‌లోకి సీ వచ్చింది. యశవంత్ కనేత్కర్, బాలగురుసామి పుస్తకాలు కోఠి ఫుట్‌పాత్ మీద సెకండ్‌హ్యాండ్‌లో దొరికేవి. టర్బో సీ రెండు మూడు ఫ్లాపీల్లో పట్టేది. కాపీ చేసుకుంటే ఖర్చు లేదు. పాత కంప్యూటర్ మీద కూడా నడిచేది. పరీక్ష, సిలబస్, పుస్తకం, ఫ్లాపీ నాలుగూ ఒక్కచోట కలిస్తే ఇంక వేరే భాషకి చోటేది?

వారానికి రెండు రోజులు, గంట చొప్పున, ఒక కంప్యూటర్‌కి ఇద్దరం. నీలం తెర. చుక్కలతో త్రిభుజాలు గీయించాం. ప్రధాన సంఖ్యలు, ఫిబొనాచి, పాలిండ్రోం. స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌శాండ్ మర్చిపోతే ప్రోగ్రాం ఎటో వెళ్లిపోయేది. దశాంశ సంఖ్యకి శాతం ఎఫ్ బదులు శాతం డీ రాస్తే చెత్త అంకె వచ్చేది. నాకున్న గంటలో ముప్పావు వంతు ఈ తప్పులు వెతకడానికే పోయేది.

ఒకరోజు ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాశాం. 5కి 120, 6కి 720, 7కి 5040. అన్నీ సరిగ్గా వచ్చాయి. 8 ఇచ్చాను. మైనస్ 25216 అని వచ్చింది. 40320 రావాలి. ధన సంఖ్యల్నే గుణిస్తే రుణ సంఖ్య ఎలా వస్తుంది? సార్‌ని పిలిచాను. ఆయన తెర చూసి, "దానికి ఏడు వరకే ఇవ్వాలి" అని పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్లిపోయాడు. నేనూ రికార్డు బుక్కులో ఏడు వరకే రాసుకున్నాను.

ఇన్నేళ్లలో ఆ మైనస్ 25216 ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. టర్బో సీలో మామూలు పూర్ణాంకానికి 16 బిట్లే చోటు. అత్యధికంగా 32767 పడుతుంది. అది దాటితే లెక్క చుట్టు తిరిగి రుణం వైపు వస్తుంది. 40320 లోంచి 65536 తీసేస్తే సరిగ్గా మైనస్ 25216. కిలోమీటర్ల మీటరు 99999 దాటాక సున్నాలకి తిరిగినట్టు. గణితంలో సంఖ్యలకి అంతు లేదు, యంత్రంలో ఉంది. సైన్సు చదివేవాడికి కంప్యూటర్ గురించి తెలియాల్సిన మొదటి నిజం ఇదేనేమో. అది నా ముందు తెర మీదే మెరిసింది. సీ భాష దాన్ని దాచలేదు కూడా. దాచింది ఏడు వరకే ఇమ్మన్న మాట. పరీక్షకి ఏడు చాలు.

*

1998 వచ్చేసరికి గాలి మారింది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఐఐఐటీ అదే ఏడాది మొదలైంది. మా గదిలో ఒకడు సీ పుస్తకం అమ్మేసి కోబాల్‌లో చేరాడు. పాత ప్రోగ్రాముల్లో మెమరీ ఆదా కోసం సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నారు. 2000 వస్తే 00 అవుతుంది, దాన్ని యంత్రం 1900 అనుకుంటుంది. బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఇలాంటి కోడ్ ఎక్కువగా ఉన్నది కోబాల్‌లో. 1959లో రూపకల్పన మొదలైన భాషకి నలభై ఏళ్ల తర్వాత అమీర్‌పేట్‌లో బ్యాచులు నిండాయి. జనవరి 1 దాటింది. బోర్డుల మీద కోబాల్ చెరిగిపోయి జావా వచ్చింది. 2001లో అమెరికాలో మాంద్యం వస్తే జావా బ్యాచులూ పలచబడ్డాయి.

ఈ చరిత్రని నేను వెక్కిరించడం లేదు. అమీర్‌పేట్ లేకపోతే మా గదిలో వాడు డాలస్‌లో ఇల్లు కట్టేవాడు కాదు, వాళ్ల చెల్లెలి పెళ్లి అయ్యేది కాదు. నాన్న సీసీఎస్ లోను కూడా చివరికి సాఫ్ట్‌వేర్ జీతంతోనే తీరింది. "ఏ భాషకి ఉద్యోగం వస్తుంది?" అన్నది నిజాయితీ గల ప్రశ్న. అప్పు చేసి చదివినవాళ్ల ప్రశ్న. దాని జవాబు రెండు మూడేళ్లకోసారి మారుతుంది, అంతే.

నాకు దెబ్బ తగిలింది ఎమ్మెస్సీలో. ప్రాజెక్టు కోసం మా గైడ్ ఒక కాగితాల కట్ట ఇచ్చారు. అంచుల్లో రంధ్రాలున్న పొడుగు కాగితం మీద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు. ఫోర్‌ట్రాన్ 77. ఒక లోహపు కడ్డీని ఒక చివర వేడి చేస్తే రెండో చివరికి వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం. కడ్డీని ముక్కలుగా, కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి లెక్క చేయాలి. "అడుగు సగం చేసి చూడు, జవాబు ఎంత కదులుతుందో గమనించు" అన్నారాయన.

భాష కొత్తదైనా చదవగలిగాను. ఏడో గడి నుంచి రాయడం లాంటివి నాలుగు రోజుల్లో అలవాటయ్యాయి. అర్థం కానిది ఆ ఒక్క వాక్యం. అడుగు ఎందుకు సగం చేయాలి? కంప్యూటర్ ఇచ్చిన జవాబు కూడా కదులుతుందా? అప్పటికి ఐదేళ్లుగా ప్రోగ్రాంలు రాస్తున్నాను. ఒక్కదాన్నీ ప్రకృతి గురించి ఏదైనా అడగడానికి వాడలేదు. నా ప్రోగ్రాంలన్నిటికీ జవాబులు ముందే పుస్తకంలో ఉన్నాయి.

ఫోర్‌ట్రాన్ వల్ల ఫిజిక్స్ వదిలేశానని చాలామందికి చెప్పాను. అది చెప్పుకోవడానికి బాగుంటుంది. నిజానికి ప్రాజెక్టు ఎలాగో ముగించాను, మార్కులూ వచ్చాయి. పీహెచ్‌డీకి అప్లై చేసే ధైర్యం మాత్రం రాలేదు. ఇది నాకు చేతకాని పని అని అప్పటికే తేల్చేసుకున్నాను. చేతకాకపోవడానికీ, ఎవరూ చూపించకపోవడానికీ తేడా ఉందని ఇరవై రెండేళ్ల వయసులో ఎలా తెలుస్తుంది? 2002లో ఉద్యోగంలో చేరిపోయాను.

*

ఇక పైథాన్. పిల్ల తెచ్చిన పాంప్లెట్లలో సగం దాని మీదే. గీడో వాన్ రాసం అనే డచ్ ప్రోగ్రామర్ 1991లో బయటపెట్టిన భాష. అతను అంతకు ముందు ఆంస్టర్‌డాంలో ఏబీసీ అనే భాష తయారీలో పనిచేశాడు. ప్రోగ్రామర్లు కానివాళ్లకి నేర్పడం కోసం చేసిన భాష అది. పైథాన్‌కి ఆ పోలిక వచ్చింది. 2006 ప్రాంతంలో నంపై వచ్చాక సైన్సు వాళ్లకి ఇది ఇల్లయిపోయింది. 2019 ఏప్రిల్‌లో కృష్ణబిలం మొదటి చిత్రం వెలువడినప్పుడు దాని వెనకున్న లెక్కల్లో పైథాన్ పాత్ర పెద్దదే. సీబీఎస్ఈ స్కూళ్లలో కూడా సీ ప్లస్ ప్లస్ పోయి పైథాన్ వచ్చింది. మన ఇంటర్ బోర్డు ఎంపీసీ పిల్లలు మాత్రం ఒక్క లైను ప్రోగ్రాం రాయకుండానే యూనివర్సిటీ సైన్సులోకి అడుగు పెడుతున్నారు. నా కాలంలోనూ అంతే.

అలాగని ఫోర్‌ట్రాన్ చచ్చిపోలేదు. 2004 సునామీ తర్వాత మన దేశానికి హెచ్చరికలు ఇచ్చే కేంద్రం 2007లో హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లో మొదలైంది. సముద్రం అడుగున భూకంపం వస్తే అల ఏ తీరానికి ఎంతసేపట్లో చేరుతుందో చెప్పడానికి అక్కడ వాడే ట్యునామి ఎన్2 నమూనా ఫోర్‌ట్రాన్‌లో రాసిందే. జపాన్‌లో పుట్టింది. అలాంటి లెక్కలు ముందే వేల సందర్భాలకి చేసి సిద్ధంగా ఉంచుకుంటారు, భూకంపం వచ్చాక కూర్చుని లెక్కించే వ్యవధి ఉండదు కాబట్టి. పైథాన్‌లో మనం పిలిచే గణిత సాధనాల అడుగున కూడా చాలాచోట్ల దశాబ్దాల నాటి ఫోర్‌ట్రాన్, సీ ఉన్నాయి. భాషలు ఒకదాన్ని ఒకటి తుడిచేయవు. పాత ఇంటి మీద కొత్త అంతస్తు వేసినట్టు ఉంటాయి.

మా కోడలి పిల్ల ఇదంతా విని ఊరుకోలేదు. "గంత కష్టమెందుకు మామ? చాట్‌జీపీటీకి చెప్తె అదే రాసిస్తది కదా."

రాసిస్తుంది. బాగానే రాసిస్తుంది. "మరి మైనస్ 25216 వచ్చిందనుకో బిడ్డా, తప్పని ఎవరు పడతరు?" అన్నాను. కాసేపు ఆలోచించి, "ఆఁ, అది మనకు తెల్వాలె" అంది.

*

ఆ సాయంత్రం ఇద్దరం చాయ్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. చాయ్ 80 డిగ్రీలు, గది 30 డిగ్రీలు అనుకున్నాం. ప్రతి నిమిషానికీ గదికి మించి ఉన్న వేడిలో ఇరవయ్యో వంతు పోతుందనుకున్నాం. ఇంటర్‌లో తను చదివిన న్యూటన్ శీతలీకరణ నియమమే. పైథాన్ మూడో వెర్షన్ 2008లో వచ్చినప్పటి నుంచి చలరాశులకి తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు. అందుకని అసలు లైను ఇలా రాశాం:

వేడి = వేడి - 0.05 * (వేడి - గది)

తను అక్కడే ఆగింది. "ఇది తప్పు కదా? రెండు దిక్కులా వేడి ఉంటే కొట్టేస్తే గది, వేడి సమానం అయితది." ఎంపీసీ బుర్ర. సమాన గుర్తు ఇక్కడ సమీకరణం కాదని, కుడివైపు లెక్క కట్టి ఎడమవైపు డబ్బాలో పెట్టమని చెప్పే ఆజ్ఞ అని చెప్పాను. గణితం బాగా వచ్చినవాళ్లే మొదట తడబడేది దీని దగ్గర.

మొదటి నిమిషం 77.5. రెండో నిమిషం 75.125. పదో నిమిషానికి 59.94. "అయిపోయింది" అంది. "అడుగు సగం చెయ్యి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే ఒకలా అనిపించింది. అర నిమిషం అడుగుతో ఇరవై సార్లు చేస్తే 60.13. ఆరు సెకన్ల అడుగుతో వంద సార్లు చేస్తే 60.29. కలనగణితంతో కచ్చితంగా సాధిస్తే వచ్చేది 60.33. అడుగు తగ్గేకొద్దీ దాని దగ్గరికి పోతోంది. తను కాగితం తీసుకుని అడుగుకీ తప్పుకీ పట్టిక వేసింది. అడుగు సగమైతే తప్పు కూడా సుమారు సగం అవుతోందని తనే కనిపెట్టింది. ఇరవై అయిదేళ్ల కింద నా గైడ్ అడిగింది ఇదే.

తర్వాత వంటింటి థర్మామీటర్‌తో నిజం చాయ్‌ని కొలిచాం. లెక్కకి కలవలేదు. మొదటి నిమిషాల్లో చాయ్ మేం అనుకున్నదానికంటే తొందరగా చల్లారింది. తను గ్లాసు వంక చూసి, "ఆవిరి పోతుంది గద, అది లెక్కల లేదు" అంది. మళ్లీ చాయ్ పెట్టమంది. ఈసారి గ్లాసు మీద మూత పెట్టి కొలుస్తుందట.

కాబట్టి పాంప్లెట్ల సంగతి. పైథాన్‌తో మొదలుపెట్టమని చెప్పాను. అది గొప్పదని చెప్పలేదు. మన ప్రశ్నకీ మొదటి జవాబుకీ మధ్య అది తక్కువ అడ్డం వస్తుంది కాబట్టి. యంత్రం లోపల ఏం జరుగుతుందో కుతూహలం పుట్టినప్పుడు సీ నేర్చుకో. ఏ ప్రొఫెసరో పాత కట్ట చేతికిస్తే ఫోర్‌ట్రాన్‌కి భయపడకు. స్టాటిస్టిక్స్ వైపు మనసు పోతే ఆర్ ఉంది. ఏదైనా మొదటి రెండు వారాల్లో నీకు నిజంగా తెలియని ఒక సంగతిని దానితో కనుక్కో. కనుక్కోలేకపోతే కోర్సు మార్చు, నీలో లోపం ఉందనుకోకు.

పది రోజులయ్యాక నల్గొండ బస్సెక్కించాను. మా అక్క ఫోన్ చేసి, "ఏం కోర్సుల చేరిందిరా?" అని అడిగింది. ఏ కోర్సులోనూ చేరలేదని చెప్పి కాసేపు తిట్లు తిన్నాను. "మరి పది దినాలు ఏం చేసిన్రు?"

"చాయ్ చల్లార్చినం అక్కా" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆమె భయం ఆమెది, దాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు. పిల్ల మాత్రం రాత్రి ఒక ఫోటో పంపింది. నోటుబుక్కులో రెండు గీతలు, మూత ఉన్న గ్లాసుది ఒకటి, లేనిది ఒకటి. కింద రాసింది: "మూత పెట్టినా లెక్క కలుస్తలేదు మామ. గ్లాసు స్టీల్‌ది, అందుకేనా?"

నాకూ తెలీదు. రేపు కొలవాలి.